గజ ఈతగాళ్లను ముందే పిలవండి: తీర జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

తీర జిల్లాల్లో పర్యాటకం, పోలీసు, మత్స్య, అటవీ, పంచాయతీ పనులు చూసే అధికారులకు,

నమస్కారం. ఉత్తరాన బారువ నుంచి దక్షిణాన తూపిలిపాలెం దాకా, జనం పలచగా ఉండే ఇసుక తీరాల గురించి రాస్తున్నాం. వీటిమీద ఇచ్చిన అర్జీలకు రసీదులు మా దగ్గరున్నాయి, జవాబులు లేవు. అందుకని ఈసారి నలుగురి ముందూ పెడుతున్నాం.

మన ఆంధ్ర తీరం పొడవు 974 కిలోమీటర్లని బడిలో చదివాం. ఒంపుసొంపులన్నీ కలుపుకుని కేంద్రం తిరగ కొలిస్తే 1,053 కిలోమీటర్లయింది. ఇందులో రుషికొండకు 2020లో, శుభ్రమైన, భద్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపుకు 33 ప్రమాణాలుంటాయి. లైఫ్‌గార్డులు, ప్రథమ చికిత్స, మరుగుదొడ్లు, నీటి పరీక్షలు అందులోవే. అంటే ఒక తీరానికి ఏమేం కావాలో ప్రభుత్వానికి తెలియక కాదు. ఇబ్బందల్లా జనం ఇప్పుడు పేరున్న చోటికే పోవడం లేదు. ఫోన్‌లో ఓ రీలు చూసి, మ్యాప్ పెట్టుకుని, సరుగుడు తోటల మధ్య మట్టిదారి పట్టి చింతపల్లికి, ముత్యాలమ్మపాలేనికి, రేవుపోలవరానికి, పేరుపాలేనికి, హంసలదీవికి, రామాపురానికి, పాకలకి, కొత్తకోడూరుకి చేరుతున్నారు. ప్రకటనల్లో వీటన్నిటికీ ‘ప్రశాంతమైన బీచ్’ అని పేరు. మునిగితే చూసేవాడు లేడు అన్న సంగతి కూడా ఆ మాటలోనే ఉందని వచ్చేవాళ్లకు ఎవరూ చెప్పరు.

జనం రావొద్దని మేం అనడం లేదు. రావాలి. మా వాదన ఒక్కటే. ఈ తీరాల్ని కాపాడగల మనుషులు ఆ పక్క పల్లెలోనే ఉన్నారు. ప్రమాదం జరిగాక ‘గజ ఈతగాళ్లను రప్పించి గాలింపు చేపట్టాం’ అని మీరు పత్రికలకు చెప్పేది వాళ్ల గురించే. శవం వెతకడానికి పిలిచేవాళ్లను ఆ పొద్దున్నే ఎందుకు పిలవరన్నది మా ప్రశ్న.

సముద్రం ఎలా మింగుతుందో ముందు చెప్పాలి. ఇది తెలియకుండా పాతిన బోర్డులే ఇప్పుడున్నవన్నీ.

అల విరిగి ఒడ్డుకొచ్చిన నీళ్లు మళ్లీ లోపలికి పోవాలి. ఒడ్డుకు కొంచెం లోపల, నీటి అడుగున ఇసుక మేట గట్టులా పడి ఉంటుంది. వెనక్కి పోయే నీళ్లు ఆ గట్టు తెగిన చోటు వెతుక్కుని, అందులోంచి కాలవలా పారతాయి. దీన్ని రిప్ కరెంట్ అంటారు. మామూలుగా వెడల్పు పది నుంచి ముప్పై మీటర్లు. వేగం సెకనుకు అర మీటరు ఉంటుంది, సముద్రం రేగిన రోజు రెండు మీటర్లకు పోతుంది. సెకనుకు రెండు మీటర్లంటే ఒలింపిక్ ఈతగాడు కూడా కాసేపే నిలబెట్టుకోగల వేగం. దానికి ఎదురీదడం ఎవరి తరమూ కాదు.

మోసమంతా చూపులో ఉంది. గట్టు మీద అలలు విరిగి తెల్లగా నురగ కడతాయి. తెగిన చోట లోతు ఎక్కువ కాబట్టి అలలు విరగవు. అటూ ఇటూ తెలుపు, మధ్యలో నున్నగా, ముదురు రంగులో నీళ్లు. ఒక్కోసారి కలకబారి, నురగ ముక్కలు లోపలి దిక్కుగా జరుగుతూ కనిపిస్తాయి. కొత్తవాళ్లకు అదే మెత్తని చోటులా ఉంటుంది. పెద్ద అలలకు భయపడి పిల్లల్ని సరిగ్గా అక్కడే దింపుతారు.

రిప్ మనిషిని అడుక్కి గుంజదు, లోపలికి మోసుకుపోతుంది. అలలు విరిగే వరస దాటాక దాని జోరు చచ్చిపోతుంది. ఒడ్డు కనిపిస్తోంది కదా అని నేరుగా దానివైపే ఈదేవాడు రెండు మూడు నిమిషాల్లో అలిసి మునుగుతాడు. చేయాల్సింది వెల్లకిలా తేలి, ఊపిరి నిలుపుకుని, చెయ్యెత్తి పిలవడం. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా ముప్పై నలభై మీటర్లు పక్కకు ఈది, నురగ కనిపించే చోటు నుంచి అలలతో పాటే ఏటవాలుగా బయటికి రావాలి. చెరువుల్లో, కాలవల్లో ఈత నేర్చిన కుర్రాళ్లకు ఇది తెలియదు. అక్కడ ఎదురుగా కనిపించే గట్టే దారి.

ఈ తెగుడు ఒకచోట ఉండదు. గాలి మారినా, వాయుగుండం దాటినా అడుగున ఇసుక జరిగిపోతుంది. నిన్న పిల్లలు ఆడిన చోటు ఇవాళ గొయ్యి. పెయింటు వేసిన బోర్డు దీన్ని కనిపెట్టలేదు. రోజూ పొద్దున్నే కనిపెట్టేది పడవ తోసే జాలరి. అల ఎక్కడ విరుగుతోంది, ఎక్కడ తెరిపి ఉంది అని చూసుకుని, ఆ తెరిపిలోంచే పడవ దాటిస్తాడు. మీరు దిగొద్దని చెప్పాల్సిన చోటూ, ఆయన పడవ దాటించే చోటూ చాలాసార్లు ఒకటే.

ఇక తీరాల్లో జరుగుతున్నది చెబుతాం.

1. మూసివేత. ఓ ప్రమాదం జరగ్గానే రోడ్డు మొదట్లో డ్రమ్ములు అడ్డం పెడతారు. దూరం నుంచి కార్లూ వ్యాన్లూ కట్టించుకుని వచ్చినవాళ్లు వెనక్కి తిరిగిపోరు. అర కిలోమీటరు పక్కకు వెళ్లి మరో దారిలో దిగుతారు. అక్కడ దుకాణం ఉండదు, మనిషి ఉండడు, ఫోన్ సిగ్నల్ కూడా ఒక్కోచోట ఉండదు. మూసివేత ప్రమాదాన్ని మరింత ఒంటరి చోటికి నెట్టింది, అంతే. ఈలోగా మొక్కజొన్న పొత్తులు, చేపల వేపుడు అమ్ముకునే ఆడవాళ్లకు ఆ సీజను పోతుంది.

2. పండుగ రోజులు. దీనికి పంచాంగం చాలు. పౌర్ణమికీ అమావాస్యకూ ఆటుపోట్లు పెద్దవి. కార్తీక పౌర్ణమికి సూర్యలంక, మంగినపూడి, మైపాడు తీరాలకు జనం వేలల్లో వస్తారు. మాఘ పౌర్ణమి స్నానాలూ ఉన్నాయి. శివరాత్రి అమావాస్యకు ముందురోజు. చొల్లంగి స్నానం అమావాస్య నాడే. అంటే మనవాళ్లు ఎక్కువగా సముద్రంలో దిగే రోజులు పెద్ద పోటు రోజులే. పాటు తీసేటప్పుడు, నీరు తగ్గిన వేళ రిప్ ఇంకా బలపడుతుంది. దానికి తోడు కార్తీకం అంటే బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. వాయుగుండం మద్రాసు దగ్గరున్నా దాని అలలు మన ఒడ్డును కొడతాయి, ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది. మరొకటి, మనది తూర్పు తీరం. పొద్దు భూమివైపు కుంకుతుంది. నవంబరులో సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య నీటిలో తల కనిపించకుండా పోతుంది. వనభోజనాల గుంపులు తిని, ఆటలాడి, తిరుగు ప్రయాణానికి ముందు ‘ఒక్కసారి’ అని దిగేది ఆ వేళకే.

3. ఏరు కలిసే చోట్లు. బారువ దగ్గర మహేంద్రతనయ, కళింగపట్నంలో వంశధార, భీమిలిలో గోస్తనీ, అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి, హంసలదీవిలో కృష్ణమ్మ. ఫొటోకు ఇంతకంటే అందమైన చోట్లు లేవు, స్నానానికి ఇంతకంటే చెడ్డ చోట్లూ లేవు. మోకాటి లోతులో నడుస్తుండగానే ఇసుక అంచు తెగి నిలువు లోతు వస్తుంది. పాటు సమయంలో ఏటి నీరు, సముద్రపు నీరు కలిసి ఒకే దిక్కుకు లాగుతాయి. సంగమ స్నానం పుణ్యమని వచ్చే పెద్దవాళ్లను ఆపలేం. ఆపాల్సిన పనీ లేదు. వాళ్లకు ఏ వైపు దిగాలో గుంజలు పాతి తాడు కట్టి చూపించాలి.

4. ఒకరి వెనక ఒకరు. ఒకడు మునుగుతుంటే స్నేహితులు చేతులు పట్టుకుని గొలుసుకట్టి దిగుతారు. ఒక అల గొలుసును తెంపుతుంది. పత్రికల్లో ఒకే ఇంటివాళ్లు ముగ్గురు నలుగురు అని చదివే వార్తల వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. వట్టి చేతులతో దిగకూడదు. మూత బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల క్యాను, టైరు ట్యూబు, వలకు కట్టే తేలుడు బెండు, ఏది దొరికితే అది విసరాలి. బయటికి తెచ్చాక జరిగే తప్పు ఇంకా ఘోరం. పొట్ట నొక్కుతారు, తలకిందులుగా వేలాడదీస్తారు, భుజాన వేసుకుని గిరగిరా తిప్పుతారు. దానివల్ల పొట్టలోని నీరు, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మునిగినవాడికి కావాల్సింది గాలి. వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి నోటితో ఊపిరి ఇవ్వాలి. ఆ తర్వాత ఛాతీ మధ్యలో ఐదు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున ముప్పైసార్లు నొక్కి, రెండుసార్లు ఊపిరి ఇవ్వాలి. 108 వచ్చేదాకా ఆపకూడదు. పక్క పల్లెలో పదిమందికి ఇది చేతనైతే చాలు, అంబులెన్సు ఆలస్యమైనా ఆశ ఉంటుంది.

5. దిబ్బలు. ఒడ్డు వెనక ఇసుక దిబ్బను చదును చేసి పార్కింగు వేయడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. రావణాసురుడి మీసాలు అని మనం పిలిచే ముళ్ల గడ్డి, ఊదా పూలు పూసే బాలబంద తీగ ఆ ఇసుకను పట్టి ఉంచుతాయి. టైరు నాలుగుసార్లు తొక్కితే తీగ చస్తుంది, గాలికి ఇసుక లేచిపోతుంది, తరవాతి తుపానుకు నీరు నేరుగా ఇళ్లలోకొస్తుంది. 1977 నవంబరు ఉప్పెన చూసిన దివిసీమ ఉన్న రాష్ట్రంలో దిబ్బ విలువ గురించి ఇంత రాయాల్సి రావడమే చిత్రం. దిబ్బల్ని చెక్కడం, మార్చడం తీర నియంత్రణ మండలి (సీఆర్‌జెడ్) నిబంధనల ప్రకారం నిషేధం. జీపులు, బైకులు తడి ఇసుక మీద పందాలు వేయడం కూడా ఇదే కాలంలో పెరిగింది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వచ్చి గూటికి వంద పైచిలుకు గుడ్లు పెట్టేది ఆ ఇసుకలోనే. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటపడతాయి. టైరు గాడిలో పడిన పిల్ల ఎక్కలేదు. రిసార్టు లైటు కనిపిస్తే సముద్రం అనుకుని అటే పోతుంది. ఆ తాబేలు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జీవి, పులికి ఉన్న రక్షణే దానికీ ఉంది.

6. పల్లె. ‘ఖాళీ బీచ్’ అని మీరు రాసే చోటు ఖాళీ కాదు. అక్కడ అలివి వల లాగుతారు, వలలు ఆరేస్తారు, ఆడవాళ్లు చేపలు ఎండబెడతారు. ఎండు చేప మీద కారు తిప్పితే ఆ వారం సంపాదన పోయినట్టే. మరుగుదొడ్డి లేక సందర్శకులు సరుగుడు తోటలోకి పోతారు, పల్లె ఆడవాళ్లూ పొద్దున్నే ఆ దారినే నడవాలి. సీసా పగలగొట్టి ఇసుకలో పూడ్చేవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. చెప్పుల్లేకుండా వల లాగే పాదాలకు ఆ ముక్కలు గుచ్చుకుంటాయి.

ఇప్పుడు మేం అడుగుతున్నవి. కోట్లు అక్కర్లేని వాటినే ముందు పెడుతున్నాం.

ఒకటి. ప్రతి తీరానికీ పక్క పల్లె నుంచే కాపలా మనుషులు. సందర్శకులు దిగే ప్రతి మూడు వందల మీటర్లకూ మామూలు రోజుల్లో ఇద్దరు, శని ఆదివారాల్లో నలుగురు, పౌర్ణమి స్నానాలకు యాభై మీటర్లకొకరు. పొద్దున్న ఆరు నుంచి చీకటి పడేదాకా, రెండు జట్లుగా. ఇద్దరి కంటే తక్కువ పెట్టడం వృథా. ఒకరు నీటిలోకి దూకితే ఒడ్డున తాడు పట్టేది ఎవరు? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. బడులకు సెలవులిచ్చి జనం తీరానికి పోటెత్తేదీ ఆ రోజుల్లోనే. ఖాళీగా ఉన్న ఈతగాళ్లూ, కాపలా లేని తీరమూ ఒకే కాలంలో, ఒకేచోట ఉన్నాయి. నిషేధ భృతికి దీన్ని ముడిపెట్టకండి. అది వాళ్ల హక్కు, ఇది వేరే పని, దీనికి వేరే కూలి కట్టండి. వాళ్లకు ఈత మీరు నేర్పక్కర్లేదు. నేర్పాల్సింది ఊపిరి ఇచ్చే పద్ధతి, గింజుకుంటున్న మనిషిని వెనకనుంచి పట్టుకునే పద్ధతి, జెండాల భాష. శిక్షణ ఏటా తిరగ ఇవ్వాలి. ఒకసారి నేర్చి వదిలేస్తే చేతులు మరచిపోతాయి.

రెండు. పొద్దున్నే జెండాలు. దిగదగ్గ చోటుకు అటూ ఇటూ ఎరుపు పసుపు జెండాలు, తెగుడు ఎదురుగా ఎర్ర జెండా. రెండు ఎర్ర జెండాలు పక్కపక్కన ఉంటే ఎవరూ దిగకూడదు. వెదురు కర్ర, గుడ్డ చాలు. పాటు తీశాక మధ్యాహ్నం మరోసారి చూసి జరపాలి. హైదరాబాద్‌లోని ఇంకాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ సముద్రం ఎలా ఉండబోతోందో రోజూ చెబుతుంది, పెద్ద అలల హెచ్చరికలూ ఇస్తుంది. వేటకు పోయేవాళ్లకు అవి చేరుతున్నాయి. స్నానానికొచ్చేవాళ్లకు చేరడం లేదు. ఆ హెచ్చరికను, ఆ రోజు పోటూ పాటూ తిరిగే వేళలనూ జెండా పక్కన నల్లబల్ల మీద సుద్దముక్కతో రాయిస్తే సరి.

మూడు. అంకె వేసిన స్తంభాలు. ప్రతి రెండు వందల మీటర్లకు ఒకటి. 112కో 108కో ఫోన్ చేసినవాడు ‘బీచ్‌లో ఉన్నాం’ అంటాడు. ఆరు కిలోమీటర్ల ఇసుకలో ఎక్కడని వెతుకుతారు? ‘ఏడో స్తంభం’ అంటే దారి దొరుకుతుంది. ఇనుప గొట్టాలు వేయకండి, ఉప్పుగాలికి త్వరగా తుప్పు పట్టి పడిపోతాయి. సిమెంటు స్తంభం మంచిది. ప్రతి స్తంభానికీ ఒక లైఫ్ బోయ్ (మునిగేవాళ్లకు విసిరే తేలే చక్రం), ముప్పై మీటర్ల తాడు తగిలించాలి. నైలాన్ తాడు మునుగుతుంది, తేలే పాలీప్రొపిలీన్ తాడు కావాలి. అది ఎండకు చివుకుతుంది కాబట్టి ఏటా మార్చాలి. లైఫ్ బోయ్‌ను దొంగలెత్తుకుపోతారని గదిలో పెట్టి తాళం వేయకండి. ఏడాదికి రెండు పోతే పోనివ్వండి. తీరరక్షక పోలీసుల 1093, కోస్ట్ గార్డు 1554 కూడా స్తంభం మీదే ఉండాలి.

నాలుగు. బోర్డు మీద మాటలు మార్చండి. ‘ప్రమాదకరం, దిగరాదు’ అన్నది ఎవరూ చదవరు, చదివినా నమ్మరు, ఎందుకంటే ఎదురుగా పదిమంది స్నానం చేస్తుంటారు. రిప్ బొమ్మ వేయండి. ‘అలలు విరగని నున్నటి చోట దిగకండి. లాగితే తేలండి, పక్కకు ఈదండి. కాపాడటానికి దిగకండి, తేలేది విసరండి.’ ఈ మూడు వాక్యాలు చాలు. శ్రీకాకుళం వైపు ఒడియాలోనూ, తిరుపతి వైపు తమిళంలోనూ ఉండాలి. యారాడ లాంటి చోట్ల రాళ్లమీద ఆకుపచ్చ నాచు జారుతుందని వేరే బోర్డు కావాలి. అక్కడ పోయేవాళ్లు స్నానానికి దిగినవాళ్లు కారు, సెల్ఫీకి నిలబడ్డవాళ్లు.

ఐదు. బళ్లు దిబ్బ వెనకే ఆగాలి. దిబ్బ మీదుగా కొయ్య నడకదారి ఒక్కటి చాలు. తాబేళ్ల నెలల్లో ఒడ్డుకు కనిపించే లైట్లు రాత్రి ఎనిమిది తర్వాత ఆర్పించండి, తప్పనిసరైతే కిందికి వంచిన ఎర్ర లైటు. ఈ పని అటవీ శాఖ ఒక్కటే చేయలేదు, పంచాయతీ కలిసిరావాలి.

ఆరు. మరుగుదొడ్లు, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదులు, మంచినీరు. పార్కింగు రుసుము వసూలు చేసే ప్రతి చోటా ఇవి ఉండాలి. రుసుములో ఎంత తీరానికి ఖర్చయిందో పంచాయతీ గోడ మీద నెలనెలా రాయాలి.

ఏడు. ప్రతి ప్రమాదానికీ ఒక పేజీ నమోదు. ఏ స్తంభం దగ్గర, ఎన్ని గంటలకు, పోటులోనా పాటులోనా, అల ఎంత, జెండా ఉందా, మొదట ఎవరు చూశారు, ఊపిరి ఎన్ని నిమిషాలకు ఇచ్చారు. ఇప్పుడు పోలీసు కాగితాల్లో మిగిలేది పేరు, వయసు, ‘ప్రమాదవశాత్తు’ అన్న మాట. దాన్నిబట్టి వచ్చే ఏడాది జెండా ఎక్కడ పాతాలో ఎవరికీ తెలియదు.

ఇవన్నీ ఒక్క నెలలో కావని మాకూ తెలుసు. ఒకటీ రెండూ మాత్రం వచ్చే కార్తీకం లోపు చేయొచ్చు. వాటికి టెండరు అక్కర్లేదు, కూలి డబ్బు, వెదురు కర్రలు, గుడ్డ ఉంటే చాలు. ఏ తీరానికి మీలో ఎవరు బాధ్యులో ఆ పేరు, ఫోన్ నంబరు మొదటి స్తంభం మీద రాయించండి. ఈ లేఖకు జవాబుగా ముందు ఆ జాబితా ఇవ్వండి. పల్లెల్లో ఎవరెవరు కాపలాకు వస్తారో ఆ పేర్లు మేం రాసి ఇస్తాం.

ఇట్లు,
తీర పల్లెల జాలర్లు, ఈతగాళ్లు